స్పెయిన్ జెండాలో మూడు రంధ్రాలు

పాత బట్టలను భద్రపరిచే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ సూది వాడాలి, పట్టును ఏ నీళ్లతో కడగాలి, గల్ఫ్‌లో అవకాశాలు ఎలా ఉంటాయి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. భయం గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. నా ఉద్యోగంలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా నాతోపాటు డ్యూటీకి వచ్చింది అదొక్కటే. అందుకని ప్రమోషన్లూ సన్మానాలూ పక్కన పెట్టి దాని గురించే రాస్తున్నాను.

నేను పిరికివాణ్ణని మా ఆవిడకు పెళ్లయిన వారంలోనే తెలిసిపోయింది. గ్యాస్ కట్టేశామో లేదో చూడటానికి బస్టాండు నుంచి వెనక్కి వచ్చిన మనిషిని. అలాంటివాడి చేతిలో రెండు వందల ఏళ్ల నాటి పట్టుగుడ్డ పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తెల్ల కోటు, రంగు కాలరు

నాది రాజమండ్రి దగ్గర ఊరు. హైదరాబాదులో ఒక మ్యూజియంలో బట్టల విభాగంలో చాలాకాలం చేసి, ఖతార్ వెళ్లాను. చమురు ధర పెరుగుతూనే ఉన్న రోజులవి. దోహాలో ఈ నెల చూసిన ఖాళీ జాగాలో వచ్చే నెలకు క్రేన్లు నిలబడేవి. డబ్బున్నవాళ్లలో కొందరు గుర్రాలు కొన్నారు, కొందరు డేగలు కొన్నారు. నా వీసా ఇచ్చిన యజమాని, అక్కడి మాటలో కఫీల్, మాత్రం స్పెయిన్ సైనికుల పాత బట్టలు కొన్నాడు. కుర్రతనంలో కొన్నాళ్లు ఆ దేశంలో చదువుకున్నాడట. ఒకప్పుడు అరబ్బులు ఏలిన నేల కదా, ఆ మోజు వదల్లేదు. యూరప్‌లో ఎక్కడ వేలం జరిగినా మనిషిని పంపేవాడు.

అల్ అజీజియాలో ఒక విల్లా మొత్తం వాటికే కేటాయించాడు. ఎక్కువగా నెపోలియన్ కాలం నాటి కాల్బలం దుస్తులు. వాటిని చదవడం నేను అక్కడికెళ్లాకే నేర్చుకున్నాను. కోటు తెల్లగా ఉంటుంది. కాలరు, ముంజేతి పట్టీ, రొమ్ము మీది మడత, ఈ మూడింటిలో దేనికి రంగు ఉంది, గుండీ బంగారు రంగుదా వెండి రంగుదా అన్నది చూసి ఏ రెజిమెంటో చెప్పాలి. ఊదా, నలుపు, ఆకుపచ్చ, ఇలా ఒక్కో రంగును కొన్ని రెజిమెంట్లు పంచుకునేవి. అంతకు ముందు కొన్నాళ్లు అందరికీ ఆకాశనీలం కోటే. నెపోలియన్ సేనలు దేశంలోకి వచ్చాక బట్ట దొరక్క గోధుమరంగు ముతక ఉన్నితో కుట్టించుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండు పంపిన నీలం కోట్లు తొడుక్కున్నారు. గ్రెనేడియర్లని ఏరికోరి తీసుకున్న సైనికులు ఉండేవారు. వాళ్లది ఎలుగుబంటి తోలు టోపీ, దాని వెనక వీపు మీదికి వేలాడే ఎంబ్రాయిడరీ సంచి.

ఈ కోట్లన్నీ తలలేని బొమ్మలకు తొడిగి వరసగా నిలబెట్టేవాళ్లం. పట్టపగలే అయినా, ఆ గదిలో ఒక్కణ్ణే ఉంటే వీపు తిప్పి కూర్చోలేకపోయేవాణ్ణి. ఒక కోటు కాలరు లోపల చెమట మరక ఇంకా ఉంది. అది తొడుక్కున్న కుర్రాడు చచ్చిపోయి రెండు వందల ఏళ్లయినా వాడి చెమటను నేను దూదితో ఒత్తి చూస్తున్నాను. చనిపోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోని కుటుంబంలో పెరిగినవాణ్ణి. చాలా రోజులు అన్నం సయించలేదు.

పురుగు

మొదటి వేసవిలో ఏసీ రెండు రోజులు ఆగిపోయింది. సముద్రం మీద నుంచి వచ్చే ఉక్కతో గోడలే చెమర్చాయి. వారం తర్వాత ఒక గోధుమరంగు కోటు తీసి చూస్తే చంక కింద గోరంత రంధ్రం. ఉన్ని తినే పురుగు. దులిపితే ఇంకా రెండు రాలాయి.

మేనేజరు లెబనాన్ మనిషి. అందరం ఆయన్ను ముదీర్ అనేవాళ్లం. చదువుకున్నవాడు, పని తెలిసినవాడు. గొంతు పెంచడు. ఆ రంధ్రాన్ని చాలాసేపు చూసి ఇంగ్లీషులో నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు. "ఇంకో కొత్త రంధ్రం కనిపిస్తే మీరు ఇంటికి వెళ్లిపోవచ్చు."

అరిచి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఆ మెల్లటి మాట మాత్రం నా కడుపులో కూర్చుంది. అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాటు, అక్కడి స్కూల్లో కొడుకు, ముదీర్ బీరువాలో నా పాస్‌పోర్టు. రోజూ పొద్దున్నే విల్లా తాళం తీయగానే కోట్ల మీద రంధ్రాలు లెక్కపెట్టేవాణ్ణి. హైదరాబాదు నుంచి కలరా ఉండలు తెప్పించి ప్రతి పెట్టెలో వేశాను. అవి లోహపు దారానికి, పాత ఉన్నికి మంచివి కావని చదివినవాణ్ణే, అయినా వేశాను. మీరు వేయకండి. భయంతో చేసిన జాగ్రత్తకు జాగ్రత్త అనే పేరు తగదు.

నర్సయ్య

విల్లా పనులకు కఫీల్ కంపెనీ కార్మికుల క్యాంపు నుంచి ఇద్దరు మనుషుల్ని పంపేవారు. అందులో ఒకడు నర్సయ్య. సిరిసిల్ల వైపు మనిషి, నేత కుటుంబం. మగ్గం మూలపడి, కొన్నేళ్లు బొంబాయిలో శాలువాలకు రఫ్ఫు చేసి, అదీ గిట్టక ఖతార్ వచ్చి కట్టడాల్లో సిమెంటు మోశాడు. రఫ్ఫు అంటే చిరిగినచోట దారం పక్కన దారం పెట్టి నేసినట్టే అల్లడం. ఆయన వయసు నాకంటే రెండు మూడేళ్లు ఎక్కువే ఉంటుంది.

ఒకసారి నేను కోటు అస్తరు కుడుతుంటే నా వెనక నిలబడ్డాడు.

"సార్, గా దారం పురి ఎదురు తిరుగుతున్నది. గట్ల గుంజితే నూలు తెగుతది."

నిజమే. దారం పురి తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా లాగుతున్నాను. ఆ రోజే ముదీర్‌తో మాట్లాడి నర్సయ్యను నా దగ్గరే ఉంచుకున్నాను. సిమెంటుకు పగిలిన వేళ్లకు నెల రోజులు కొబ్బరినూనె రాసుకుని, నున్నబడ్డాకే పట్టును ముట్టాడు. ఎవరూ చెప్పకుండానే.

"మల్ల దారం చేతికొచ్చింది సార్," అన్నాడు మొదటిసారి సూది పట్టుకున్నప్పుడు. "ఇంటికి ఫోన్ జేసి జెప్పిన. దుబాయ్‌ల గూడ మగ్గముంటదా అని అడుగుతున్నరు."

నా ఉద్యోగజీవితంలో చూసిన అతి మంచి చేతులు ఆయనవి. ఈ మాట ఎప్పుడో రాసి ఉండాల్సింది.

పెట్టె విప్పిన రోజు

జెండా వచ్చింది శీతాకాలంలో. ముదీర్ బేరూత్ వెళ్లి ఉన్నాడు. పదిహేను రోజుల్లో కఫీల్ తన బంధువులకు, కొందరు స్పెయిన్ అతిథులకు విల్లా చూపించబోతున్నాడు. ఆ జెండాయే ముఖ్యమని ముదీర్ వెళ్లేముందు చెప్పాడు. తయారుగా ఉంచమన్నాడు.

ఒక పటాలం జెండా అది. మనిషి ఎత్తున్న తెల్లటి పట్టు. కొమ్మలు నరికేసిన రెండు ఎర్ర దుంగలు ఐమూలగా ఒకదాన్నొకటి దాటినట్టు పెద్ద శిలువ గుర్తు. నాలుగు మూలలా కిరీటం ఉన్న చిన్న డాలు బొమ్మలు. నేనూ నర్సయ్యా బల్ల మీద పరిచి పైన కప్పిన పల్చటి కాగితం తీశాం. శిలువ మధ్యకు కాస్త పక్కగా మూడు రంధ్రాలు ఉన్నాయి.

పురుగు అనుకున్నాను. పట్టును ఆ పురుగు సాధారణంగా అలా తినదు, రంధ్రం అంచు మాడినట్టు నల్లగా ఉంది, ఇవేమీ నా కళ్లకు ఆనలేదు. "ఇంకో కొత్త రంధ్రం" అన్న మాటే చెవిలో ఉంది. జెండాతో పాటు వచ్చిన వేలం కాగితాలు ముదీర్ దగ్గర ఉన్నాయి. బేరూత్‌కు ఒక్క ఫోన్ చేసి, రంధ్రాలు ముందే ఉన్నాయా అని అడిగితే సరిపోయేది. రెండుసార్లు ఫోన్ తీసి పెట్టేశాను. అడిగితే నేనే చేశాననుకుంటాడేమోనని.

హైదరాబాదులో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పేవారు. చిరుగు కనపడకూడదు, చిరుగుల గుడ్డ నలుగురి ముందు పెట్టడం ఆ గుడ్డకు అవమానం అని. మన ఇళ్లల్లో కూడా అంతే, చిరిగిన బట్ట ఎదుటివాళ్లకు చూపించం. ఆయన గొప్ప పనివాడు. ఈ విషయంలో మాత్రం ఆయన తప్పు. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఖర్చయింది, నాకంటే ఎక్కువ ఇంకొకరికి అయింది.

"నర్సయ్యా, ఇవి పూడ్చేయగలవా? అసలు తెలియకూడదు," అన్నాను.

ఆయన వేలు ఆనించకుండా వంగి చూశాడు. "పూడ్వొచ్చు సార్. గని ముదీర్‌ను అడిగినంక జేద్దామా? ఇవి గిట్లనే ఉండాల్నేమో."

"నేను చెబుతున్నానుగా. మొదలుపెట్టు."

"మీరు జెప్తె సరే సార్."

జెండా అంచు మడత లోపల దాగిన పట్టు నుంచే దారాలు తీశాడు. వేరే దారమైతే రంగు కలవదు. తొమ్మిది రోజులు పట్టింది. అయిపోయాక నేను భూతద్దం పట్టుకుని వెతికాను. దొరకలేదు. మాడిన అంచుల మీదుగా కూడా అల్లేశాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

"అసలు జెండా ఎక్కడ?"

ముదీర్ తిరిగి వచ్చిన రోజు నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో వేలం పుస్తకం ఉంది. జెండా వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. మళ్లీ జెండా వైపు చూశాడు.

పుస్తకంలో పెద్ద ఫోటో. మూడు రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి. అవి తూటాలు దూసుకుపోయిన చోట్లు. కఫీల్ అంత ధర పెట్టి కొన్నది వాటి కోసమే.

"ఇది ఆ జెండా కాదు," అన్నాడు ముదీర్. టేపు తీసి అంచు మడత కొలిచాడు. పుస్తకంలో ఉన్నదానికంటే వేలెడు తక్కువ ఉంది. దారాలు తీసింది అక్కడి నుంచే కదా. "అసలు జెండా ఎక్కడ?"

రఫ్ఫు చేయించామన్నాను. ఆయన భూతద్దం తీసుకుని చాలాసేపు వెతికి బల్ల మీద పెట్టేశాడు.

"రంధ్రం ఎలా మాయమవుతుంది? నకలు కుట్టించి అసలుది బయటికి పంపారు. ఎవరికి అమ్మారు?"

గంటలో కఫీల్ వచ్చాడు. ఆయనతో ఒక పోలీసాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పోలీసాయన తలుపు వేశాడు. అరబ్బీలో వాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు తెలిసిన నాలుగు మాటల్లో ఒక్కటే మళ్లీమళ్లీ వినపడుతోంది. హరామీ, అంటే దొంగ. జైలు ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. మా ఆవిడకు ఎవరు కబురు చెబుతారు, కొడుకును స్కూలు నుంచి ఎవరు తెస్తారు, ఇవే తిరుగుతున్నాయి.

పని ఎంత బాగా చేశామో అంత పెద్ద దొంగలమయ్యాం. నర్సయ్య చెయ్యి కాస్త మొరటుదైతే, ఒక్క కుట్టు బయటికి కనిపిస్తే, ఇద్దరం అప్పుడే బయటపడేవాళ్లం.

నర్సయ్యే ముందుకొచ్చాడు. బొంబాయిలో నేర్చిన హిందీలో, పనివాళ్లతో మాట్లాడి కాస్త హిందీ పట్టుకున్న ముదీర్‌తో, విప్పి చూపిస్తానన్నాడు. నా వైపు తిరిగి, "చిన్న కత్తెర ఇయ్యుండ్రి సార్," అన్నాడు.

ఇచ్చాను. జెండాను తిరగేసి, వెనక నుంచి ఒక్కో దారం పట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు. అల్లడం కంటే విప్పడం ప్రమాదం. పాత పట్టు కొత్త దారాన్ని పట్టుకుని ఉంటుంది, లాగితే అది కూడా వచ్చేస్తుంది. కఫీల్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. దాదాపు గంటకు మొదటి రంధ్రం బయటపడింది. నల్లటి అంచుతో, ఫోటోలో ఉన్నట్టే. ముదీర్ పుస్తకం పక్కన పెట్టి చూసి తలాడించాడు. రెండోది కూడా బయటికొచ్చింది.

మూడోదాని దగ్గర, నర్సయ్య ఏం చేస్తున్నాడో చూడాలని పోలీసాయన బల్ల దాకా వచ్చి భుజం మీదుగా వంగాడు. ఆయన నీడ పడింది. నర్సయ్య చెయ్యి వణికింది. సన్నటి చప్పుడు నాకు కూడా వినపడింది. రంధ్రం పక్కన పట్టు బొటనవేలంత మేర చీలిపోయింది.

కఫీల్ లేచి నిలబడ్డాడు. దొంగతనం జరగలేదని తేలింది. ఇప్పుడు ఆయన అడిగింది వేరే. ముదీర్ ఇంగ్లీషులో చెప్పాడు: "దీన్ని పూడ్చమని ఎవరు చెప్పారు?"

కఫీల్ నన్నే చూస్తున్నాడు. నేనే అనడానికి ఒక్క మాట చాలు. నోరు తెరిచాను. తెరిచానని ఇప్పటికీ నమ్ముతున్నాను. మాట రాలేదు. ఎంతసేపో చెప్పలేను, నర్సయ్య తల ఎత్తి నా ముఖం చూసేంతసేపు.

"మైనే కియా సాబ్," అన్నాడు నర్సయ్య. "అప్నే ఆప్ కియా. సార్ కో మాలూమ్ నహీ."

నా అంతట నేనే చేశాను, సారుకు తెలియదు అని.

నేను ఏమీ అనలేదు.

రిపోర్టు

మర్నాడు ముదీర్ రాతపూర్వకంగా రిపోర్టు అడిగాడు. నష్టం ఎలా జరిగింది, ఎవరి వల్ల అని. నేను రాశాను. ఇంగ్లీషులో, మంచి భాషలో రాశాను. సహాయకుడు తన అంతట తాను, అనుమతి లేకుండా పూడ్చాడని. కింద సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన రిపోర్టుల్లో ఒక్క కొట్టివేత కూడా లేనిది అదొక్కటే.

రెండు రోజుల్లో నర్సయ్యకు వీసా రద్దు చేసి టికెట్టు ఇచ్చారు. విల్లా బయట కంపెనీ బండి ఎక్కేముందు నేను వెళ్లాను. "ఎందుకలా అన్నావు?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న అది కాదని అడుగుతున్నప్పుడే తెలుసు.

"మీ ఇంటోళ్లు ఈడ ఉన్నరు సార్. నా ఇంటోళ్లు ఆడ ఉన్నరు. నన్ను పంపిస్తే ఇంటికే గదా పోయేది," అన్నాడు. బండి ఎక్కుతూ, "దారం పని మల్ల దొరుకుతదో లేదో, గంతే," అన్నాడు.

దొరకలేదు. ఊళ్లో ఒక మిల్లుకు వాచ్‌మన్‌గా చేరాడని ఆయనతో పాటు క్యాంపులో ఉన్నవాళ్లు చెప్పారు.

నేను ఇంకా తొమ్మిదేళ్లు చేశాను. ఆ చీలిక కింద పల్చటి జాలీ గుడ్డ పెట్టి, దగ్గరికొచ్చి చూస్తే తెలిసేలా, కావాలంటే ఎవరైనా విప్పగలిగేలా నిలిపాను. ఆనాటి నుంచి ఏ బట్టకు ఏం చేసినా అలాగే చేశాను, మీకూ అదే చెబుతున్నాను. మీ చేయి పడ్డ చోటు దాచకండి. కాగితాలు చూడకుండా సూది ముట్టకండి. మీ పైవాణ్ణి అడగడానికి భయమేస్తే, ఆ భయం తగ్గేదాకా చేతులు కట్టుకు కూర్చోండి, నష్టం లేదు. ముదీర్ చెడ్డవాడు కాదు. ఆ రోజు ఫోన్ చేసి ఉంటే అర నిమిషంలో చెప్పేవాడు.

అల్ రువైస్‌లో చేపల పడవల్ని చూడటానికి మా అబ్బాయిని తీసుకెళ్లిన సెలవు రోజుల్లో కూడా నాకు ఆ రిపోర్టే గుర్తొచ్చేది. ముదీర్ గదికి వెళ్లి ఆ ఫైలు సరిచేస్తానని చెప్పడానికి నాకు తొమ్మిదేళ్లు టైముంది. వెళ్లలేదు. రిటైరై వచ్చేసిన రోజు కూడా ఆ గది ముందు నుంచే నడిచి బయటికొచ్చేశాను.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జెండాలో మూడు రంధ్రాలు పూడ్చమన్నది నేను. వద్దేమో అన్నది నర్సయ్య. చీలిక నా వల్ల. రిపోర్టు అబద్ధం.

ఫోన్

దీన్ని అచ్చుకు పంపేముందు నర్సయ్య నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఎత్తేలోపే పెట్టేద్దామనుకున్నాను, ఈ వయసులో కూడా. గొంతు వెంటనే గుర్తుపట్టాడు. మంచిచెడ్డలు అడిగాడు. ఇలా రాశానని చెప్పి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా మాట్లాడలేదు. లైను తెగిందేమోనని రెండుసార్లు ఆగి అడిగాను. "ఇంటున్న సార్, సదువుండ్రి," అన్నాడు.

చదవడం అయిపోయింది. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"చీలిక మీ వల్లనని రాసిన్రు గద సార్," అన్నాడు.

"అవును."

"గది కొట్టెయ్యుండ్రి. నా చెయ్యి వణికింది. గది నాది."